కలివికోడికి చట్టం ఉంది, పొదకే లేదు

2005 చివర్లో కడప జిల్లా లంకమల దగ్గర తెలుగుగంగ కాలువ పని కోసం మెషీన్లు దిగి చిట్టడవిని గీకెయ్యడం మొదలుపెట్టాయి, పర్మిషన్ లేకుండానే. అక్కడే రాత్రిపూట తిరిగే అరుదైన పిట్ట కలివికోడి మీద రీసెర్చ్ చేస్తున్నవాళ్ళ కంటపడింది కాబట్టి సరిపోయింది, వాళ్ళు గోల చేస్తే ఫారెస్టోళ్ళు వచ్చి పని ఆపించి మెషీన్లు సీజ్ చేశారు. ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, ఒక్క పిట్ట కోసం కాలువ ఆపేస్తారా అని. సీమలో నీళ్ళ కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశారో తెలిసినవాళ్ళు ఆ మాట అంటే తప్పు పట్టలేం. కాకపోతే సంగతి అక్కడ మొదలవ్వలేదు, చాలా వెనక్కి వెళ్ళాలి.

కాలువ ప్లాన్ ముందు పుట్టింది, పిట్ట తర్వాత దొరికింది. మద్రాసుకి తాగునీళ్ళ కోసం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర తలా 5 టీఎంసీల కృష్ణా నీళ్ళు, మొత్తం 15 టీఎంసీలు ఇవ్వాలని 1976లో ఒప్పందం జరిగింది, 1983లో ప్రాజెక్టు మీద ఇంకో ఒప్పందం, దాంట్లోనే మన దగ్గర సాగునీళ్ళు కూడా కలిశాయి. శ్రీశైలం నుంచి వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు మీదుగా మద్రాసు దగ్గరి పూండి జలాశయానికి దారి. ఆ గీత మ్యాపు మీద గీసే టైముకి కలివికోడి లేనట్టే లెక్క. ఈస్ట్ ఇండియా కంపెనీ కొలువులో డాక్టరుగా ఉన్న జెర్డన్ వల్ల 1848లో అది సైన్సుకి తెలిసింది, 1900లో అనంతపురం దగ్గర చూశారు, ఆ తర్వాత జాడ లేదు. మళ్ళీ 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ వెతుకులాటలో, స్థానికంగా పిట్టలు పట్టే ఒకాయన రాత్రిపూట టార్చి వేసి పట్టుకొస్తే, అప్పుడు తెలిసింది ఇంకా బతికుందని. పాపం పట్టిన ఆ ఒక్కటీ ఎక్కువ రోజులు బతకలేదు. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ప్రకటించారు, దాదాపు 464 చదరపు కిలోమీటర్లు.

ఇప్పుడు చట్టం దగ్గరికొద్దాం, అసలు మెలిక ఇక్కడుంది. 1972 నాటికి అడవి జంతువులు రాష్ట్రాల జాబితాలో ఉండేవి, కేంద్రం తనంతట తాను చట్టం చేసే వీల్లేదు, అందుకే 11 రాష్ట్రాలు తీర్మానాలు చేసి అడిగితే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, అడిగినవాటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 1976లో 42వ సవరణతో అడవులు, వన్యప్రాణులు రెండూ కేంద్రం, రాష్ట్రాలు ఇద్దరూ చట్టం చెయ్యగలిగే ఉమ్మడి జాబితాలోకి వెళ్ళాయి. కలివికోడి షెడ్యూల్ 1లో ఉంది, అంటే పులికి ఎంత రక్షణో దీనికీ అంత. పట్టినా చంపినా గూడు, గుడ్డు పాడుచేసినా వేట కిందే లెక్క. కానీ అది తిరిగే పొద కొట్టేస్తే? ఆవాసం అంటే ఏంటో చట్టంలో నిర్వచనం ఉంది గానీ వేట నిర్వచనంలో ఆవాసం ఊసే లేదు. అభయారణ్యం గీత లోపల ఉంటేనే ఆ పొదకి చట్టం, గీత దాటి పట్టా భూమో బంజరో అయితే దున్నుకోవచ్చు, నిమ్మతోట వేసుకోవచ్చు. పిట్టకి గీత ఎక్కడుందో ఎవరు చెప్తారు?

గీత లోపలైనా 1972 చట్టం ఒక్కటే కాలువని ఆపలేదులెండి. 1980 అటవీ సంరక్షణ చట్టంతో అటవీభూమి వేరే పనికి వాడాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరైంది, 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అడవి అంటే డిక్షనరీ అర్థంలో అడవే, రికార్డులో ఎవరి పేరున ఉన్నా సరే అంది, 2002లో అడవుల గొడవలు చూడడానికి సుప్రీంకోర్టు వేసిన సెంట్రల్ ఎంపవర్డ్ కమిటీ వచ్చింది. 2005 గొడవ చివరికి ఆ కమిటీ దాకా వెళ్ళింది, కాలువ దారి మార్చారు, పిట్ట కోసమని కొంత భూమి సేకరించే దాకా వచ్చింది. అంటే ఒక్క పిట్ట కోసం కాలువ ఆగలేదు, పక్కకి జరిగింది అంతే.

నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకోటి. ఈ పిట్టకి దట్టమైన అడవి పనికిరాదు, పూర్తిగా బోడి నేలా పనికిరాదు. రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకి 300 నుంచి 700 మధ్య ఉండాలని రీసెర్చ్‌లో తేలింది, మధ్యమధ్యలో ఖాళీ నేల కావాలి. ఆ ఖాళీ నేల మిగిలేది కొంత గొర్రెలు మేకల మేత వల్లే. మేపు మొత్తం బంద్ చేస్తే పొదలు కమ్ముకుంటాయి, ఎక్కువైతే బోడి అవుతుంది. గీత గీసి గేటు వేసే చట్టానికి ఇలాంటి కొలత అందదు. పైగా రెవెన్యూ వాళ్ళ కంట్లో చిట్టడవి ఎప్పుడూ ఖాళీ జాగానే, సెంటు భూమి ఎక్కడ మిగిలిందా అని వెతికేవాళ్ళకి మొదట కనపడేది అదే.

ఇక పిట్ట ఉందో లేదో తేల్చడం ఇంకో తలనొప్పి. రీసెర్చ్ చేసినవాళ్ళు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వెళ్ళి మూడు వేళ్ళ అడుగు పడిందా అని వంగి చూసుకునేవాళ్ళు, పక్కన కెమెరాలు పెట్టేవాళ్ళు. కూత వినాలంటే పొద్దు గుంకాక 45, 50 నిమిషాలు ఆగాలి, అదీ కాసేపే, మహా అయితే ఇరవై నిమిషాలు. ఏదైనా ప్రాజెక్టుకి పర్యావరణ సర్వే చేసేవాళ్ళు పగలంతా తిరిగి సాయంత్రం ఐదుకి జీపెక్కితే రిపోర్టులో 'కనపడలేదు' అని రాస్తారు, అబద్ధం కూడా కాదు.

2025 ఆగస్టులో కడప జిల్లాలోనే కొందరు బర్డర్లు, అంటే పిట్టల్ని గమనిస్తూ తిరిగేవాళ్ళు, కలివికోడి కూత రికార్డ్ చేశారు, ఏళ్ళ తరబడి ఏ జాడా లేక ఇక అయిపోయిందిలే అనుకుంటున్న టైములో. చీకటి పడేదాకా ఆగినవాళ్ళకి దొరికింది.