ఫస్ట్ ర్యాంకు వచ్చింది కదా అని కంటెయినర్ బుక్ చేయకండి

"సార్, షీట్‌లో ఈ దేశానికే ఫస్ట్ ర్యాంకు వచ్చింది. ఇక పంపేద్దామా?" ఏ దేశానికి ఎగుమతి చేయాలో తేల్చుకోవడానికి షీట్‌లో దేశాలకు మార్కులు వేసుకునేవాళ్ల నుంచి ఈ ఫోన్ నాకు కొత్త కాదు.

అపోహ: ఎక్కువ స్కోరు వచ్చిన దేశమే మంచి మార్కెట్.

వాస్తవం: వెయిటేజీలతో గుణించి కూడే పద్ధతిలో ఒకచోట పోయిన మార్కులు ఇంకోచోట పూడిపోతాయి. డిమాండ్‌కు 0.5, వృద్ధికి 0.3, ప్రవేశ నిబంధనలకు 0.2 ఇచ్చారనుకోండి. ఒక దేశానికి పదికి వరుసగా 9, 8, 1. ఇంకోదానికి 6, 6, 8. మొత్తాలు 7.1, 6.4. మొదటిదే గెలిచింది. కానీ ఆ 1 ఎందుకు పడింది? రిజిస్ట్రేషన్ లేనిదే సరుకును లోపలికి రానివ్వరు కాబట్టి! డిమాండ్ ఎంతుంటే ఏం లాభం?

మొదట్లో నేనూ ఈ తప్పే చేశాను. క్రీములు తయారుచేసే ఒకాయనకు టాప్సిస్‌తో (అన్నిట్లో ఉత్తమమైన ఊహా దేశానికి ఎంత దగ్గరో, అధమమైనదానికి ఎంత దూరమో చూసి ర్యాంకులిచ్చే పద్ధతి) చక్కటి పట్టిక వేసిచ్చాను. ఆయన శాంపిళ్లు కూడా పంపాడు. అక్కడ రిజిస్ట్రేషన్‌కయ్యే ఖర్చు ఆయన మొదటి ఆర్డర్ లాభాన్ని మించిపోయిందని తర్వాత తెలిసింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. అప్పటినుంచి నిషేధాలు, లైసెన్సులు, చెల్లింపుల ఆంక్షలు మార్కుల షీట్‌లోకి రానివ్వను. ముందే అవును-కాదు వడపోత. అది దాటిన దేశాలకే స్కోరు.

పై లెక్కలోనే డిమాండ్ నుంచి 0.1 తీసి నిబంధనలకు ఇవ్వండి. 6.3, 6.6 వస్తాయి, ర్యాంకులు తారుమారు. ఈ చిన్న పరీక్ష చేయని రిపోర్టు ఎవరిచ్చినా నమ్మను.

ప్రమాణాలను రెండేసి చొప్పున పోల్చి వెయిటేజీలు తేల్చే ఏహెచ్‌పీ పద్ధతిలో కన్సిస్టెన్సీ రేషియో 0.1 లోపు వస్తే వెయిటేజీలు సరైనవేనంటారు. మీ జవాబులు ఒకదానితో ఒకటి పొసిగాయని మాత్రమే దానర్థం. పైగా పది ప్రమాణాలంటే 45 పోలికలు. సగం దాటాక ఎవరైనా ఏదో ఒకటి నింపేస్తారు. మనల్ని అడక్కుండా డేటా నుంచే లెక్కకట్టే ఎంట్రోపీ వెయిటేజీలైతే పక్షపాతం ఉండదట! దేశాల మధ్య తేడా ఎక్కువున్న ప్రమాణానికి అది బరువిస్తుంది, మీకు ముఖ్యమైనదానికి కాదు. ఇక 2021లోనే ప్రపంచ బ్యాంకు ఆపేసిన డూయింగ్ బిజినెస్ ర్యాంకులను (ఏ దేశంలో వ్యాపారం చేయడం ఎంత సులువో చెప్పేవి) ఇంకా షీట్లలో చూస్తుంటే చిరాకేస్తుంది.

రెండు దేశాల మధ్య 0.01 తేడా చూసి టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు. పాపం, తప్పు వాళ్లది కాదు, దశాంశాలు అంత ధీమాగా కనిపిస్తాయి. ఆ రెండూ సమానమేననుకుని, రెండుచోట్లా ఐదారుగురు కొనుగోలుదారులకు మెయిల్ పెట్టండి. ధర అడుగుతూ ముందు ఎక్కడి నుంచి జవాబొస్తే అక్కడ మొదలుపెట్టవచ్చు.