కార్డు మీది మాటా, కంపెనీ మాటా?

‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ ఆటలో టైమ్ వాల్ట్ అనే కార్డు ఉంది. 1993లో అచ్చయిన తొలి విడతలోనిది. దాన్ని పక్కకు తిప్పితే, ఆడేవాళ్ల మాటలో ట్యాప్ చేస్తే, మీకు అదనంగా ఒక వంతు దక్కుతుంది. మిగతా కార్డులు మీ వంతు రాగానే మళ్లీ నిటారుగా వస్తాయి. ఇది రాదు. దీన్ని నిలబెట్టాలంటే మీ వంతు ఒకటి వదులుకోవాలి. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకుంటున్నారు కాబట్టి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. మరి ట్యాప్ అయిన కార్డులను నిలబెట్టే వేరే కార్డు చేతిలో ఉంటే? వంతు వదులుకోవడం ఒక్కటే మార్గమని ఆ వాక్యం శాసిస్తోందా, లేక ఒక మార్గం మాత్రమే చూపుతోందా? ఈ ప్రశ్నకు కంపెనీ పదిహేనేళ్లలో ఇచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు.

ఇలాంటి తగాదాలకు కారణం అజాగ్రత్త ఒక్కటే కాదు. పేకాటలో ముక్క మీద వాక్యం ఉండదు. రమ్మీ నియమాలు ఆడేవాళ్ల తలలో ఉంటాయి, ముక్క వాటికి లోబడి ఉంటుంది. మ్యాజిక్‌ను రూపొందించిన, గణితంలో డాక్టరేట్ చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ దీన్ని తలకిందులు చేశారు. కార్డు మీది మాట, ఆట నియమం ఢీకొంటే కార్డు మాటే నెగ్గుతుంది. ఆట సొగసంతా ఇందులోనే ఉంది, తలనొప్పి కూడా. ప్రతి కార్డూ ఒక చిన్న చట్ట సవరణ లాంటిదే. తొలి విడతలోనే అలాంటివి 295 వచ్చాయి. ఏ రెండు ఎప్పుడు ఎదురుపడతాయో రాసినవాళ్లకూ తెలియదు.

పైగా తొలినాళ్ల రచన సరదాగా, కబుర్ల ధోరణిలో సాగేది. 1994 నాటి ‘లెజెండ్స్’ విడతలో ఫ్లోరల్ స్పజమ్ అనే క్రీచర్, అంటే దాడికి దిగే జీవి కార్డు, ఉంది. అది దాడి చేసినప్పుడు ఎవరూ అడ్డుకోకపోతే, ప్రత్యర్థి ఆర్టిఫాక్ట్ (వస్తువు కార్డు) ఒకదాన్ని ధ్వంసం చేయాలని ‘ఫ్లోరల్ స్పజమ్ నిర్ణయించుకోవచ్చు’ అని రాశారు. నిర్ణయం ఆటగాడిది కాదు, స్పజమ్‌ది! కాగితంలోని జీవి అభిప్రాయం ఎలా కనుక్కోవాలి అన్నది ఆటగాళ్లలో చాలాకాలం నడిచిన హాస్యం. దీన్ని నవ్వి వదిలేయవచ్చు. ఏ మంత్రం ముందు జరుగుతుంది, ఎవరు ఎప్పుడు అడ్డుపడవచ్చు అన్న విషయాల్లో వచ్చిన గందరగోళాన్ని మాత్రం నవ్వి వదిలేయడానికి లేదు. బహుమతి డబ్బుతో టోర్నమెంట్లు మొదలయ్యాక ప్రతి అస్పష్టతా జడ్జి బల్ల దగ్గరికి చేరింది.

పెద్ద మరమ్మతు 1999లో, ఆరో ఎడిషన్‌తో వచ్చింది. వేసిన మంత్రాలన్నీ ఒక దొంతరలో చేరతాయి, చివర వేసింది ముందు అమలవుతుంది. దీన్నే స్టాక్ అన్నారు. మధ్యలో చొరబడే మంత్రాలకున్న ఇంటరప్ట్ అనే ప్రత్యేక తరగతి రద్దయింది. నా ఉద్దేశంలో ఈ ఆట చరిత్రలో ఇంత మేలు చేసిన మార్పు మరొకటి లేదు. అయితే చక్కటి నియమం చేతికొస్తే దాన్ని అన్నింటికీ వర్తింపజేయాలన్న ఉబలాటం పుడుతుంది. పోరులో తగిలే దెబ్బను కూడా స్టాక్ మీదికే ఎక్కించారు. దాంతో మాగ్ ఫనాటిక్ అనే బుల్లి క్రీచర్, తాను కొట్టిన దెబ్బ స్టాక్ మీద ఉండగానే తనను తాను బలి ఇచ్చుకుని ఇంకో దెబ్బ వేసేది. అంటే చచ్చినవాడు రెండుసార్లు కొట్టడం. ఆరితేరినవాళ్లకు ఇది ముచ్చటైన ఎత్తు, కొత్తగా నేర్చుకునేవారికి అయోమయం. 2009లో ఈ నియమాన్ని తీసేసినప్పుడు పాత ఆటగాళ్లు చాలామంది గోల పెట్టారు.

స్టాక్ కూడా విప్పలేని చిక్కుముడి ఒకటి మిగిలింది. హ్యుమిలిటీ (1997) బల్ల మీద ఉంటే క్రీచర్లన్నీ తమ సామర్థ్యాలు పోగొట్టుకుని 1/1 స్థాయికి, అంటే కొట్టే బలం ఒకటి, ఓర్చే బలం ఒకటికి, పడిపోతాయి. ఓపలెసెన్స్ (1999) తాను తప్ప, వేరే కార్డుకు తగిలించేవి కాని మిగతా ఎన్‌చాంట్‌మెంట్లను (బల్ల మీద నిలిచి ఉండే మంత్రాలను) క్రీచర్లుగా మారుస్తుంది, ధర ఎంతో బలం అంత. హ్యుమిలిటీ స్వయంగా ఎన్‌చాంట్‌మెంటే. రెండూ ఒకేసారి ఉంటే హ్యుమిలిటీ క్రీచర్ అవుతుంది, కాబట్టి తన సామర్థ్యాన్ని తానే పోగొట్టుకుంటుంది. అది పోతే పోగొట్టే శక్తే లేదు, కాబట్టి తిరిగి వస్తుంది. వస్తే మళ్లీ పోతుంది. ఈ చక్రాన్ని ఆపడానికి నియమావళి ఎంచుకున్న దారి లేయర్లు, అంటే ప్రభావాలను వరసగా అమలు చేసే అంచెలు. ముందు కార్డు రకం మారుతుంది, తర్వాత సామర్థ్యాలు పోతాయి, ఆ తర్వాతే బలాబలాలు తేలతాయి. ఒక లేయర్‌లో పని మొదలుపెట్టిన ప్రభావం, మధ్యలో దాని మూలం పోయినా చివరిదాకా సాగుతుంది. కాబట్టి హ్యుమిలిటీ నోరు పోయినా మాట చెల్లుతుంది. రెండింటిలో అది తర్వాత వచ్చి ఉంటే 1/1గా, ఓపలెసెన్స్ తర్వాత వచ్చి ఉంటే, దాని ధర నాలుగు కాబట్టి, 4/4గా నిలుస్తుంది. తర్కంగా తిరుగులేని జవాబే. కానీ రెండు కార్డులూ ఎన్నిసార్లు చదివినా ఈ జవాబు దొరకదు. అది 200 పుటలు దాటిన సమగ్ర నియమావళిలో ఉంది.

అప్పటికే కార్డు మీది వాక్యం తుది మాట కాకుండా పోయింది. ‘ఒరాకిల్’ పేరుతో కంపెనీ ప్రతి కార్డుకూ అధికారిక పాఠం నిర్వహిస్తుంది. మీ చేతిలోని కార్డు జపాన్ భాషలో ఉన్నా, 1993 నాటిదైనా, జడ్జి చూసేది ఆ పాఠాన్నే. అస్పష్టతను తొలగించడానికి ఇంతకంటే మేలైన మార్గం లేదు. చిక్కల్లా ఆ పాఠాన్ని వేరే పనికి వాడడంతో వచ్చింది. ఏ కార్డుకైనా బలం ఎక్కువైందనిపిస్తే నిషేధించే బదులు, దాని వాక్యాన్నే చాటుగా మార్చేవారు. అర్థం స్పష్టం చేసే నెపంతో కోరలు పీకడమన్నమాట. ఇది నిజాయితీ లేని పద్ధతి అని నా అభిప్రాయం. నిషేధం ప్రకటించి చేస్తారు. దిద్దిన వాక్యం మాత్రం, టోర్నమెంట్‌కు వచ్చి కార్డు వేసేదాకా చాలామందికి తెలియదు.

2006లో టైమ్ వాల్ట్‌కు జరిగింది ఇదే. ఏడాది ముందు వచ్చిన, మీ కార్డును ట్యాప్ చేసిన ప్రతిసారీ ఒక దెబ్బ వేయనిచ్చే ఫ్లేమ్ ఫ్యూసిలేడ్‌తో దాన్ని కలిపి, రాబోయే వంతులను వరసగా వదులుకుంటూ ఒక్క వంతులోనే ప్రత్యర్థిని ముగించే ఎత్తు కనిపెట్టారు. దాన్ని ఆపడానికి, అచ్చులో ఎక్కడా లేని ‘టైమ్ కౌంటర్’ను (కార్డు మీద పెట్టే గుర్తును) వాక్యంలో చొప్పించారు. ఆ తర్వాత విధానం మారింది. బలం తగ్గించడానికి చేసిన దిద్దుబాట్లు తీసేసి, అచ్చయిన మాటకు వీలైనంత దగ్గరగా రావాలని నిర్ణయించారు. దాని ఫలితం 2007లో ఫ్లాష్ అనే కార్డుతో తెలిసింది. పాత అర్థం తిరిగి రాగానే అది ప్రోటియన్ హల్క్‌తో జతకట్టింది, మొదటి వంతులోనే ఆట ముగించేంత వేగం వచ్చింది. లెగసీ అనే టోర్నమెంట్ విభాగంలో కొద్ది వారాలకే నిషేధించారు. అయినా వెనక్కి తగ్గలేదు. 2008లో టైమ్ వాల్ట్‌నూ అలాంటి దిద్దుబాట్ల నుంచి విడిపించారు. 1998 నాటి వోల్టాయిక్ కీతో దాన్ని ప్రతి వంతులో నిలబెట్టుకుంటూ, ప్రత్యర్థికి వంతే రాకుండా ఆడవచ్చు. అందుకే లెగసీలో నిషేధం, వింటేజ్ అనే మరో విభాగంలో డెక్‌కు (ఆటగాడి కార్డుల కట్టకు) ఒక్కటే అన్న పరిమితి పెట్టారు. ఇందులో విచిత్రం ఒకటుంది. మళ్లీ అచ్చు వేయబోమని కంపెనీ మాట ఇచ్చిన కార్డుల జాబితాలో టైమ్ వాల్ట్ ఉంది. కాబట్టి ఇప్పుడు చెల్లుబాటయ్యే దాని వాక్యం, టోర్నమెంట్‌లో ఆడనిచ్చే ఏ కార్డు మీదా లేదు.

జపాన్ నుంచి వచ్చిన ‘యు-గి-ఓ’ అనే కార్డుల ఆట వేరే దారి పట్టింది. అక్కడ ‘ఇది జరిగినప్పుడు’ అని ఉంటే ఒక అర్థం, ‘ఇది జరిగితే’ అని ఉంటే మరో అర్థం. మొదటి తరహా ఐచ్ఛిక ప్రభావం, ఆ సంఘటన తర్వాత వెంటనే ఇంకొకటి జరిగితే అవకాశం కోల్పోతుంది. సమాధికి (చచ్చిన కార్డుల గుట్టకు) చేరినప్పుడు తన లాంటి ఇంకో పీటెన్‌ను పిలిచే పీటెన్ ది డార్క్ క్లౌన్‌ను, మరో రాక్షసుణ్ని రప్పించడానికి బలి ఇస్తే పీటెన్ పిలుపు చెల్లదు. ఆ రాక వీడి చావు తర్వాత జరిగింది కదా! 2011లో ఆ ఆట కంపెనీ కొనామీ కార్డుల రచనాశైలినే మార్చింది. కోలన్‌కు ముందు షరతు, సెమీకోలన్‌కు ముందు మూల్యం, తర్వాత ఫలితం. వాక్యం చదవడానికి కరకుగా ఉంటుంది, కానీ తగువు తీర్చేది కార్డు మీదే ఉంటుంది. పాతికేళ్లుగా మ్యాజిక్ డేటాబేస్‌లో దాచిన పనిని వీళ్లు కాగితం మీదే చేశారని నాకు గౌరవం.

కంప్యూటర్ ఆటలు వచ్చాక జడ్జి స్థానంలో ప్రోగ్రామ్ కూర్చుంది. 2014లో వచ్చిన ‘హార్త్‌స్టోన్’ కార్డుల మీద వాక్యాలు కావాలనే పొట్టిగా ఉంటాయి, ఎందుకంటే అమలు చేసేది యంత్రమే. వాదన లేదు నిజమే. కానీ అనుకోని ఫలితం వస్తే అది నియమమో, ప్రోగ్రామ్‌లో లోపమో తేల్చడానికి చూసుకునే సమగ్ర నియమావళి కంపెనీ నుంచి రాలేదు. దాంతో ఆటగాళ్లే రెండు కార్డులను పదే పదే ఢీకొట్టించి, ఫలితాలు గమనించి, పుటలకు పుటలు నియమాలు తామే రాసుకున్నారు.