పైపు: అలవాటు అభిరుచిగా మారిన నాలుగు శతాబ్దాలు

అమెరికాలోనూ యూరప్‌లోనూ పొగతాగేవారి సంఖ్య దశాబ్దాలుగా తగ్గుతోంది. పైపు తాగేవారైతే ఎప్పుడో అల్పసంఖ్యాకులైపోయారు. అయినా అక్కడ కొందరు, వారిలో ముప్పై ఏళ్లు నిండని యువకులు కూడా, పనిగట్టుకుని పైపు కొనుక్కుంటున్నారు. అందులో పొగాకు ఎలా నింపాలో, ఎలా వెలిగించాలో పెద్దల దగ్గర నేర్చుకుంటున్నారు. షికాగోలో ఏటా జరిగే పైపుల ప్రదర్శనకు దేశదేశాల నుంచి చేతిపనివాళ్లు వస్తారు. ఒక్కో పైపు వందల డాలర్లు, కొన్ని వేల డాలర్లు పలుకుతాయి. ప్రమాదమని అందరికీ తెలిసిన అలవాటును చదువుకున్నవాళ్లు ఇంత శ్రద్ధగా, ఒక కళలాగా ఎందుకు అభ్యసిస్తున్నట్టు?

జవాబు వాళ్ల మనస్తత్వంలో కన్నా పైపు చరిత్రలో ఎక్కువగా దొరుకుతుంది. పైపును అభిరుచిగా మార్చింది సిగరెట్టే. రోజువారీ నికోటిన్ అవసరాన్ని సిగరెట్టు చవకగా, వేగంగా తీర్చడం మొదలుపెట్టాక, పైపుకు మిగిలింది కొయ్య, ఆకు, చేతిపని, తీరిక. ఇప్పటి అభిమానులు ప్రేమిస్తున్నది ఆ మిగిలినవాటినే. కానీ వాటి మాటున నికోటిన్ కూడా అలాగే ఉండిపోయింది.

ఉత్తర అమెరికా ఆదివాసులకు పైపు సరదా వస్తువు కాదు. ఒప్పందాలకూ ప్రార్థనలకూ సాక్షిగా ఉండేది. ఇప్పటి మిన్నెసోటా రాష్ట్రంలోని పైప్‌స్టోన్ అనే చోట దొరికే మెత్తటి ఎర్రరాయిని తొలిచి వాళ్లు పైపులు చేసుకునేవారు. ఆ గనిని 1937లో అమెరికా ప్రభుత్వం జాతీయ స్మారకంగా ప్రకటించింది. అక్కడ రాయి తవ్వుకునే హక్కు నేటికీ ఆదివాసులదే.

ఇంగ్లండుకు ఆ పొగను పరిచయం చేసినవారిలో థామస్ హారియట్ ఒకడు. 1585లో అమెరికా తీరంలోని రోనోక్ దీవికి వెళ్లిన ఈ గణిత శాస్త్రవేత్త 1588లో అచ్చయిన తన నివేదికలో పొగాకు ఒంట్లోని చెడును బయటికి తోసేస్తుందని మెచ్చుకున్నాడు. తానూ విరివిగా తాగాడు. చివరికి ముక్కు మీద లేచిన పుండుతో 1621లో మరణించాడు. అది క్యాన్సరే అయి ఉంటుందని చరిత్రకారుల అభిప్రాయం. ఈలోగా 1604లో ఒకటో జేమ్స్ రాజు పొగాకును తిడుతూ స్వయంగా ఒక కరపత్రం రాసి, పౌనుకు 2 పెన్నీలున్న దిగుమతి సుంకాన్ని 6 షిల్లింగుల 10 పెన్నీలకు (షిల్లింగుకు 12 పెన్నీలు) పెంచాడు. ఒక్క దెబ్బతో నలభై రెట్లు. అయినా ప్రజలు మానలేదు. 1612 ప్రాంతంలో జాన్ రోల్ఫ్ అనే వలసదారు అమెరికాలోని ఇంగ్లిషు వలస వర్జీనియాలో మెరుగైన రకం పండించడం మొదలుపెట్టాక, పొగాకు సుంకం లేకపోతే ఖజానాకే గడవని స్థితి వచ్చింది. తిట్టిన రాజు ఖజానాయే దాని మీద బతకడం మొదలైందన్నమాట. పొగాకు విషయంలో ప్రభుత్వాల ఈ రెండు నాల్కల ధోరణి అప్పటిదే.

ఆ కాలపు పైపు తెల్లటి బంకమట్టితో చేసి కాల్చినది. పొగాకు ఖరీదు ఎక్కువ కాబట్టి మొదట్లో దాని గిన్నె చిటికెన వేలు దూరేంత ఉండేది. ధర తగ్గేకొద్దీ గిన్నె పెరిగింది, కాడ పొడవైంది. కాడ పొడవైనకొద్దీ లోపలి రంధ్రం సన్నబడింది. మట్టి పైపు ఊరికే విరిగిపోతుంది, విరిగితే పారేసేవారు. థేమ్స్ నది ఒడ్డు బురదలో ఆ ముక్కలు ఇప్పటికీ గుప్పిళ్ల కొద్దీ దొరుకుతాయి. 1950ల్లో జె. సి. హారింగ్టన్ అనే అమెరికన్ పురావస్తు పరిశోధకుడు ఈ ముక్కల రంధ్రాలను డ్రిల్లు బిట్లతో కొలిచి చూశాడు. 1600 ప్రాంతపు ముక్కల్లో రంధ్రం అంగుళంలో 64వ వంతులు తొమ్మిది దాకా ఉంది. 1750 తర్వాతివాటిలో నాలుగైదుకు పడిపోయింది. ఒక తవ్వకంలో దొరికిన ముక్కలను కొలిచి ఆ చోట మనుషులు ఏ కాలంలో నివసించారో అంచనా వేయడం అప్పటి నుంచి ఒక పద్ధతిగా స్థిరపడింది. ఇది నాకెంతో నచ్చే వివరం. పడవ నడిపేవాడు, కూలివాడు, సత్రంలో కూర్చున్న ముసలమ్మ తాగి పారేసిన చెత్తే ఈనాడు కాలాన్ని చెబుతోంది. ఆ రోజుల్లో పైపు పేదాగొప్పా తేడా లేని నిత్యావసరం. దాన్ని అభిరుచి అని ఎవరూ అనుకుని ఉండరు.

డబ్బున్నవారికి వేరే పైపులు ఉండేవి. తుర్కియేలోని ఎస్కిషెహిర్ దగ్గర దొరికే మీర్‌షామ్ అనే తేలికపాటి తెల్లరాయిని వియన్నా శిల్పులు తలలుగా, జంతువులుగా చెక్కేవారు. అది వాడేకొద్దీ తేనె రంగుకు తిరుగుతుంది. ఇక పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో వచ్చింది బ్రయర్. మధ్యధరా తీరంలో పెరిగే ఒక జాతి పొద వేరు మొదలు దగ్గర గట్టి బుడిపె కడుతుంది. ఎండనూ కార్చిచ్చులనూ తట్టుకుని తిరిగి చిగురించడానికి ఆ మొక్క చేసుకున్న ఏర్పాటు అది. అందుకే ఆ కొయ్యకు నిప్పు సులభంగా అంటదు, తేమను పీల్చుకుంటుంది. బుడిపెను తవ్వి తీసి, ముక్కలు కోసి, లోపలి జిగురు పోయేదాకా గంటల తరబడి నీళ్లలో ఉడకబెట్టి, నెలల తరబడి నీడన ఆరబెడతారు. ఫ్రాన్స్‌లో జురా పర్వతాల నడుమ ఉన్న సాన్‌క్లోద్ పట్టణం అంతకుముందే కొయ్య చెక్కడంలో పేరుమోసింది. బ్రయర్ రాగానే ప్రపంచపు పైపుల రాజధాని అయింది. అమెరికాలో మిస్సోరీ రైతులు మొక్కజొన్న కంకి బెండుతో చవక పైపు చేసుకున్నారు. 1945లో అమెరికా సేనాని జనరల్ మెకార్థర్ జపాన్‌లో విమానం దిగేటప్పుడు నోట ఉన్నది అలాంటిదే.

పైపు పాలిట శత్రువైన సిగరెట్టుకు ఈలోపే దారి పడింది. 1839లో నార్త్ కరోలినాలో స్టీఫెన్ అనే బానిస, ఆకు ఆరబెట్టే కొట్టంలో మంట ఆరిపోతుంటే బొగ్గులు వేశాడు. ఆ వేడికి ఆకు నిగనిగలాడే పసుపు రంగుకు తిరిగింది. ఈ పద్ధతిలో క్యూరింగ్ చేసిన, అంటే వేడితో ఆరబెట్టిన, ఆకు పొగకు ఆమ్ల గుణం ఉంటుంది. గొంతును అంతగా మండించదు, కానీ నోటి చర్మం నుంచి నికోటిన్ సరిగా ఎక్కదు. అందుకని మనిషి దాన్ని ఊపిరితిత్తుల్లోకి లాగుతాడు. అక్కడి నుంచి క్షణాల్లో మెదడుకు చేరుతుంది. 1881లో జేమ్స్ బాన్సాక్ సిగరెట్లు చుట్టే యంత్రానికి పేటెంటు పొందాడు. పది గంటల పనిలో ఆ యంత్రం లక్షకు పైగా సిగరెట్లు చుట్టేది. చేత్తో చుట్టే పనివాడికి మూడు వేలు దాటడం గగనం. ఆపై రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చాయి. కందకంలో కూర్చున్న సైనికుడికి పైపు నింపుకునే తీరిక ఎక్కడిది? సిగరెట్టు ఒక్క పుల్లతో అంటుకుంటుంది, పిలుపు వస్తే పారేయవచ్చు. యుద్ధాల నుంచి ఇళ్లకు తిరిగి వచ్చిన తరం సిగరెట్టుతోనే వచ్చింది.

అలా జనసామాన్యం చేతి నుంచి జారిన పైపు ప్రొఫెసర్, రచయిత, న్యాయవాది చేతిలో నిలిచింది. నిదానం, ఆలోచన, పెద్దమనిషి తరహా దానికి అంటుకున్న గుణాలు. లండన్‌లో ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో తెరిచిన దుకాణంలో ప్రతి ఖాతాదారుకూ విడిగా ఆకు మిశ్రమం కలిపి, దాన్ని పుస్తకంలో రాసిపెట్టుకునేవారు. బ్రిటన్‌లో 1960ల నుంచి 'ఈ ఏటి పైపు వీరుడు' అని బిరుదు ఇచ్చేవారు. ప్రధాని హెరాల్డ్ విల్సన్ 1965లో దాన్ని అందుకున్నాడు. ఆయన ఏకాంతంలో డబ్బున్నవాళ్ల సరుకైన సిగార్లనే ఇష్టపడేవాడని తర్వాత బయటపడింది. సామాన్యుల మనిషిగా కనిపించడానికి టెలివిజన్ ముందు పైపు పనికొచ్చింది. పొగాకు ప్రచారంపై నిషేధం రావడంతో 2003 తర్వాత ఆ బిరుదు ఆగిపోయింది.

ఐన్‌స్టీన్ ఉదాహరణ ఇంతకన్నా లోతైనది. పైపు తాగడం వల్ల మనిషి కాస్త ప్రశాంతంగా, నిష్పాక్షికంగా ఆలోచిస్తాడని 1950లో మాంట్రియల్ పైపు క్లబ్బుకు ఆయన రాశాడు. అభిమానులు ఈ మాటను విసుగు లేకుండా ఉదహరిస్తారు. అయితే వైద్యులు పొగ మానమన్నాక కూడా ఆయన ఖాళీ పైపును నోట కరచుకుని ఉండేవాడన్న సంగతి అంతగా చెప్పరు. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్న ఆయన పైపు చూడండి. కాడ చివర పంటి గాట్లు పడిపడి రంధ్రమే ఏర్పడింది. అంతటి మనిషి అలవాటుకు ఎంతగా కట్టుబడ్డాడో ఆ కాడ చెబుతుంది.

హాని సంగతి అప్పటికి కొత్తది కాదు. పైపు తాగేవారికి పెదవి క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని జర్మన్ వైద్యుడు జోమెరింగ్ 1795లోనే గుర్తించాడు. 1950లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు డాల్, హిల్‌ల పరిశోధన సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టింది. 1964లో అమెరికా ప్రజారోగ్య ప్రధానాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక పైపుకూ పెదవి క్యాన్సర్‌కూ కార్యకారణ సంబంధం ఉందని తేల్చింది. అదే నివేదికలో, పైపు తాగేవారి మొత్తం మరణాల రేటు తాగనివారి కన్నా పెద్దగా ఎక్కువ లేదన్న మాట కూడా ఉంది. పైపు ప్రపంచం మొదటి మాటను వదిలేసి రెండోదాన్ని పట్టుకుంది. సిగరెట్టు మానదలచిన చాలామంది అప్పుడు పైపుకు మారారు. పొగను లోపలికి లాగడం అలవాటైపోయిన మనిషి పైపుతోనూ అదే పని చేస్తాడు కాబట్టి ఆ మార్పు వారిని కాపాడలేదు. 2004లో వెలువడిన అమెరికన్ క్యాన్సర్ సొసైటీ పరిశోధన, లక్షకు పైగా పురుషుల వివరాలు పరిశీలించి, పైపు మాత్రమే తాగేవారికి కూడా నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లతో పాటు గుండెజబ్బు ముప్పు పెరుగుతుందని నిర్ధారించింది.

'మేం పొగ మింగం కదా' అనేవారికి తెలుగునేల నుంచే ఒక జవాబుంది. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో పేద మహిళలు చుట్టను నిప్పున్న కొస లోపలికి వచ్చేట్టు పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటును విశాఖ వైద్యులు దశాబ్దాల కిందటే అధ్యయనం చేశారు. అంగిలి క్యాన్సర్‌తో దాని సంబంధాన్ని నమోదు చేశారు. పొగ నోట్లో నిలిస్తే చాలు, హాని జరుగుతుంది.

మరి ఇంత తెలిసీ ఎందుకు? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కోపెన్‌హేగన్‌లో సిక్స్‌టెన్ ఇవార్సన్ వంటి పనివాళ్లు, ముందే అనుకున్న ఆకారంలోకి కొయ్యను తేవడం మాని, కొయ్య చారలు ఎటు పోతే ఆకారాన్ని అటు నడిపించారు. పైపు అప్పటి నుంచి శిల్పంగా చలామణీ అయింది. ఆకు వైపూ అంతే శ్రద్ధ. ఒకప్పుడు సిరియాలో, తర్వాత సైప్రస్‌లో కట్టెల పొగ పట్టించి నల్లగా మార్చే లటాకియా ఉంది. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని సెయింట్ జేమ్స్ అనే ఒక్క ప్రాంతంలో పీపాల్లో ఒత్తిడి కింద నెలల తరబడి ఊరబెట్టే పెరీక్ ఉంది. ఈ రుచుల తేడాలను గుర్తించడం, డబ్బాల్లో ఏళ్ల తరబడి మాగనివ్వడం, పాత పైపులు సేకరించి శుభ్రం చేయడం, వాటి ముద్రలను బట్టి వయసు చెప్పడం ఈ అభిరుచిలో భాగాలు. అన్నిటికన్నా పెద్ద ఆకర్షణ నిదానం. అడుగున పొడిపొడిగా, పైన కొంచెం గట్టిగా నింపాలి. మొదటి మంటకు ఆకు పైకి ఉబికితే మెల్లగా అదిమి మళ్లీ వెలిగించాలి. తొందరపడి లాగితే గిన్నె వేడెక్కి నాలుక కాలుతుంది. పోటీల్లో అందరికీ ఒకేలా మూడు గ్రాముల పొగాకు, రెండే రెండు అగ్గిపుల్లలు ఇస్తారు. ఎవరి పైపు ఆఖరుగా ఆరితే వారు విజేత. రెండు గంటలు దాటించేవాళ్లున్నారు. రోజంతా ఫోను తెర మీద వేళ్లు ఆడించే యువకుడికి, తొందరపడితే శిక్షించే ఈ పనిలో ఏదో సాంత్వన కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆ కోరికను నేను తక్కువ చేయను. అది దొరకడానికి విషం అవసరం లేదన్నదే నా బాధ. పైపు వెలిగించకుండా సేకరించేవారూ ఉన్నారు. ఈ లోకంలో నాకు నచ్చేది వాళ్లే.

ఈ అభిరుచి నిజంగా ఎంత పెరిగిందో అమ్మకాల లెక్కలు చూసి చెప్పలేం. అమెరికాలో 2009లో మారిన పన్నుల చట్టం చేత్తో చుట్టుకునే సిగరెట్టు పొగాకుపై పౌనుకు 24.78 డాలర్లు వేసి, పైపు పొగాకుపై 2.83 డాలర్లే వేసింది. వెంటనే కంపెనీలు అదే ఆకు సంచి మీద 'పైపు పొగాకు' అని ముద్రించి అమ్మాయి. రెండేళ్లలో పైపు పొగాకు అమ్మకాలు పది రెట్లకు పైగా పెరిగినట్టు లెక్కల్లో కనిపించింది. అందులో అసలు పైపులోకి వెళ్లినది కొద్ది భాగమే.

పైపు అభిమానులు సిగరెట్టును చిన్నచూపు చూస్తారు. కానీ వాళ్ల వర్జీనియా ఆకును, అంటే వేడికి పసుపెక్కే ఆ రకాన్ని, పండించే రైతు బతికేది సిగరెట్టు కంపెనీల కొనుగోళ్ల మీదే. మన దగ్గర కూడా గోదావరి లంకల ఆకు చుట్టలకు వెళ్లేది. 1920లో గుంటూరు జిల్లాకు వచ్చిన వర్జీనియా రకం సిగరెట్టు కోసమే వచ్చింది. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు, వేలం కేంద్రాలు, 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడిన పొగాకు బోర్డు, అన్నీ ఆ గిరాకీ చుట్టూ అల్లుకున్నవే. సిగరెట్టు తగ్గేకొద్దీ అమెరికాలో ఆకు పండించే రైతులు వేరే పంటలకు మళ్లుతున్నారు. కాన్సాస్ సిటీలోని మెక్లెలండ్ అనే చిన్న కంపెనీ, పైపు అభిమానులు ఎంతో ఇష్టపడే ఎర్ర వర్జీనియా మిశ్రమాలు తయారుచేసేది. తమకు కావలసిన నాణ్యమైన ఆకు దొరకడం లేదని చెప్పి 2018లో మూతపడింది. అదే ఏడాది డన్‌హిల్ పేరుతో వచ్చే పైపు పొగాకు కూడా ఆగిపోయింది. వార్త తెలియగానే అభిమానులు దుకాణాల్లో మిగిలిన డబ్బాలన్నీ కొనేశారు. సీలు తీయని ఆ డబ్బాలు ఇప్పుడు అసలు ధరకు ఎన్నో రెట్లకు చేతులు మారుతున్నాయి.