టెంక కట్టకముందే తెగిపోయే మామిడి

బెంగళూరు మల్లేశ్వరంలో ఊరగాయ కొనడానికి వెళ్లే మన తెలుగువాళ్ల చూపు ముందు ఆవకాయ మీదే పడుతుంది. ఈసారి పక్కనున్న అప్పెమిడి జాడీ కూడా మూత తీయించి చూడండి. కన్నడంలో మిడి అంటే మన పిందె. చిన్న చిన్న మామిడి పిందెలు, కోయకుండా కాయకు కాయే, ఉప్పుకు ముడతలు పడి ఆవపిండిలో మునిగి ఉంటాయి. వాటిలో జీరిగె మిడి అనే రకాన్ని కొరికితే జీలకర్ర వాసన కొడుతుంది. అనంతపురం నుంచి వచ్చిన మా అమ్మ, ఇందులో జీలకర్ర ఎంత వేశారని అడిగింది. వేసిందేమీ లేదు, అది కాయ సొనలోనే ఉన్న వాసన.

ఈ రకాలు పుట్టింది తోటల్లో కాదు. పశ్చిమ కనుమల్లో శరావతి, అఘనాశిని, వరద లాంటి నదుల గట్ల మీద టెంక పడి వాటంతటవే మొలిచిన చెట్లవి. బంగినపల్లి ఎక్కడ నాటినా బంగినపల్లే, అంటు కాబట్టి. టెంక నుంచి లేచిన చెట్టు అలా కాదు. పులుపు, సొన, వాసన, తెగులుకు ఓర్చే గుణం చెట్టుకో తీరుగా ఉంటాయి. రేపు మన తోటలకు కొత్త తెగులొస్తే, దానికి తట్టుకునే గుణం కోసం వెతకాల్సింది ఇలాంటి చెట్లలోనే.

1964లో శరావతి మీద లింగనమక్కి ఆనకట్ట కట్టినప్పుడు ఊళ్లతో పాటు ఏటి గట్టు మామిళ్లూ మునిగాయి. తర్వాత ఇంటి ఊరగాయ వ్యాపారమైంది. ఎత్తైన చెట్టెక్కి ఒక్కో పిందె కోసే ఓపిక లేనివాళ్లు కొమ్మలే నరికి కింద ఏరుకుంటున్నారు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం ఇంకోటి. ఊరగాయకు కావలసింది టెంక కట్టని పిందె. కాపంతా ఆ దశలోనే దులిపేస్తే నేల మీద పడే టెంక ఏది? చెట్టు పచ్చగానే ఉంటుంది, కింద మొలక ఉండదు. ఆ ముసలి చెట్టు వరదకు కూలిందంటే ఆ రకం అంతటితో సరి.

యాపిల్ కథా ఇలాంటిదే. 1929లో రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ కజకిస్థాన్‌లోని ఇప్పటి అల్మాటీ చుట్టూ కొండల్లో అడవి యాపిళ్లు చూసి, యాపిల్ పుట్టిల్లు ఇదేనని గుర్తించాడు. స్టాలిన్ కాలంలో జైలు పాలై 1943లో అక్కడే కన్నుమూశాడు. 2010లో యాపిల్ జన్యుక్రమం బయటపడ్డాక ఆయన మాటే నిజమని తేలింది. అప్పటికే అక్కడి అడవిని ఊళ్లు, పొలాలు చాలావరకు తినేశాయి. 1991లో సోవియట్ యూనియన్ కూలి చౌక బొగ్గు రావడం ఆగాక, పక్కనున్న కిర్గిజ్‌స్థాన్‌లో చలికాలం పొయ్యిలోకి చెట్లే దిక్కయ్యాయి. అంతరించే ప్రమాదమున్న జాతులను లెక్కగట్టే 2009 నాటి ఎర్ర జాబితా ప్రకారం మధ్య ఆసియాలో 44 చెట్ల జాతులు ముప్పులో ఉన్నాయి. కండ దాకా ఎర్రగా ఉండే నీడ్జ్‌వెట్‌స్కీ యాపిల్ చెట్లు అప్పటికి కిర్గిజ్‌స్థాన్‌లో లెక్కకు దొరికినవి 111.

బెంగళూరు శివారు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అప్పెమిడి రకాలను సేకరించి అంట్లు కట్టి పెంచుతోంది. ఆ పని సాగాలి. కానీ అంటు ఉన్న రకాన్నే నిలబెడుతుంది. కొత్త రకం పుట్టాలంటే గట్టు మీద కాయ పండి రాలాలి. ఈ జాడీలు కొనేవాళ్లలో మనమూ ఉన్నాం కనుక అడుగుతున్నాను: కోతకు ఎక్కినవాళ్లు చెట్టుకు రెండు కొమ్మలైనా ముట్టకుండా వదిలేయాలి.