పొంగని పిండితో కరకరలాడే అట్టు

రోహిణి కార్తెలో బెజవాడ వంటింట్లో మినప్పిండి రుబ్బి పెడితే తెల్లారేదాకా ఆగదు. అర్ధరాత్రికే మూత నెట్టుకుని గట్టు మీదికి కారుతుంది, పొద్దునకి పుల్లబడిపోతుంది. అదే పిండి పుష్యమాసంలో టిఫిన్ వేళకి కూడా కదలదు. ఈ పొంగు ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బ్యాక్టీరియా పని. పిండిలోని చక్కెరలు తిని లాక్టిక్ ఆమ్లాన్నీ కార్బన్ డయాక్సైడునీ వదులుతుంది. మినప జిగురు ఆ వాయువును పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది.

దీనికంతా ఒక రాత్రి కావాలి. అంత వ్యవధి లేని రోజున చాలామంది చెయ్యి తినేసోడా డబ్బా మీదికి పోతుంది. నన్నడిగితే అట్టుకి ఆ అవసరమే లేదు. ఇడ్లీ గుల్లగా రావాలంటే లోపల వాయువు ఉండి తీరాలి, నిజమే. కరకరలాడే అట్టు ఎంత మందం ఉంటుంది గనక, అందులో వాయువు నిలవడానికి? పైగా సోడాకి సరిపడా పులుపు పిండిలో లేకపోతే మిగిలిన సోడా వేడికి సోడియం కార్బొనేటుగా మారి సబ్బు రుచి తెస్తుంది. వేసే తీరాలంటే పుల్ల మజ్జిగతో కలిపిన పిండిలో, పెనం మీద పోసే ముందు, చిటికెడు చాలు. దానివల్ల ఒక మేలు మాత్రం ఉంది: క్షారగుణం వల్ల అట్టు త్వరగా ఎర్రబడుతుంది.

రవ్వట్టు చూడండి. కప్పు బొంబాయి రవ్వ, కప్పు బియ్యప్పిండి, విరిగిపోకుండా కాస్త మైదా, ఒక చెంచా సెనగపిండి, దాదాపు అయిదు కప్పుల నీళ్లు. పావుగంటలో రవ్వ నానుతుంది. పిండి మజ్జిగలా పలచగా ఉంటుంది కాబట్టి గరిటెతో తిప్పం, ఎత్తు నుంచి చిలకరిస్తాం. కాలిన పెనం తగలగానే నీళ్లు ఆవిరై, వెయ్యి రెట్లకు పైగా వ్యాకోచించి, పిండిని చీల్చుకుని బయటికొస్తాయి. ఆ జల్లెడ కన్నాలు అలా పడ్డవే. పిండి చిక్కగా ఉంటే కన్నాలు రావు. ఇక నీళ్లన్నీ పోయేదాకా అట్టు వేడి 100 డిగ్రీలు దాటదు, అది దాటితే గాని కరకర రాదు. అందుకే మంట పెంచి లాభం లేదు, నాలుగైదు నిమిషాలు ఓపిక పట్టాల్సిందే. రవ్వ అడుక్కి దిగిపోతుంది కాబట్టి ప్రతి అట్టుకీ ముందు పిండి కలపాలి.

గరిటెతో తిప్పే అట్టుకి మాత్రం పెనం మరీ కాలకూడదు. గుంటూరు బ్రాడీపేట టిఫిన్ బళ్ల దగ్గర మాస్టరు పెనం మీద నీళ్లు చల్లి చీపురుతో ఊడ్చేయడం చూసే ఉంటారు. అది శుభ్రానికే కాదు. బియ్యప్పిండిలోని పిండిపదార్థం 70 డిగ్రీల దగ్గరే గట్టిపడటం మొదలెడుతుంది. పెనం విపరీతంగా కాలి ఉంటే పోసిన పిండి పోసినట్టే అతుక్కుని, గరిటె తిప్పబోతే ముద్దలుగా లేచొస్తుంది. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 2,260 జౌళ్ల వేడి కావాలి. ఆ వేడినంతా పెనం నుంచే లాక్కుపోతుంది. ఇంట్లో అయితే నాలుగు చుక్కలు చల్లి చూడండి. చుయ్యిమని వెంటనే ఇగిరిపోతే పిండి పోయొచ్చు. గుండ్రంగా పూసల్లా దొర్లుతుంటే తమ ఆవిరి మీదే తేలుతున్నాయన్నమాట, పెనం 200 డిగ్రీల చుట్టుపక్కల ఉంది, కాస్త చల్లారనివ్వండి.

ఇంత చెప్పాక, పులియబెట్టే పనే లేని పెసరట్టు మన జిల్లాల్లో ఎప్పట్నుంచో ఉండగా రవ్వతో తంటాలెందుకన్నది నా అభిప్రాయం. పెసల్లో దాదాపు నాలుగో వంతు ప్రొటీనే. పెనం మీద ఆ ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలు చక్కెరలతో కలిసి రంగూ కమ్మదనమూ తెచ్చిపెడతాయి. 1912లో ఫ్రెంచి రసాయనవేత్త మయ్యార్ వివరించిన చర్య ఇదే. పులుపు కావాలంటే అల్లప్పచ్చడిలో చింతపండు ఉండనే ఉంది. పొట్టు పెసలు నానడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అదీ మర్చిపోతే పెసరపప్పు తీయండి. పొట్టు అడ్డం లేదు కాబట్టి నీళ్లు త్వరగా పడతాయి, గంటలోపే రుబ్బుకోవచ్చు. పచ్చరంగు రాదు, పసుప్పచ్చగా వస్తుంది, అంతే తేడా.