సాకెట్ కలిసింది కదా అంటే సరిపోదు: ప్రాసెసర్ అప్‌గ్రేడ్ అపోహలు - వాస్తవాలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయింది. అప్పట్నుంచి మా సర్వీస్ టేబుల్ మీదికి ఒకే రకం కేసు మళ్లీ మళ్లీ వస్తోంది. 6వ జెన్ (జెనరేషన్, అంటే తరం) ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న పాత డెస్క్‌టాప్, పక్కన టిష్యూ పేపర్లో చుట్టిన సెకండ్ హ్యాండ్ 8వ జెన్ ప్రాసెసర్. "అన్నా, సాకెట్ సేమే. కరెక్ట్‌గా కూర్చుంది. కానీ డిస్‌ప్లే రావట్లేదు." ఈ పోస్టు రాయడానికి కారణం ఆ మాటే. సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు.

అపోహ: సాకెట్ ఒకటే అయితే ప్రాసెసర్ పనిచేస్తుంది

విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ జెన్ నుంచే నడుస్తుంది. 6, 7, 8, 9 జెన్లన్నిటికీ సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151. దాంతో బోర్డు అలాగే ఉంచి ప్రాసెసర్ ఒక్కటే మారిస్తే పనైపోతుంది అనుకోవడం సహజం. అలా వచ్చిన ఒక కుర్రాడి బోర్డు హెచ్110, తెచ్చింది 8వ జెన్ ఐ5-8400. అంచున ఉండే గాట్లు కూడా కలుస్తాయి కాబట్టి ప్రాసెసర్ చక్కగా కూర్చుంటుంది. అయితే 8వ జెన్‌కి వచ్చేసరికి ఇంటెల్ అదే సాకెట్‌లో కొన్ని పిన్నుల పని మార్చేసింది. అంతకుముందు ఖాళీగా ఉన్నవాటిలో కొన్నిటికి కరెంటు పని అప్పగించింది. హెచ్110 లాంటి 100 సిరీస్, 200 సిరీస్ బోర్డులు 6, 7 జెన్లకే. 8, 9 జెన్లకు హెచ్310, బీ360 లాంటి 300 సిరీస్ బోర్డు కావాలి. పాత ప్రాసెసర్‌ని కొత్త బోర్డులో పెట్టినా అంతే, నడవదు. బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే బోర్డు ప్రోగ్రామ్) మార్చి, పిన్నుల మీద టేపు అతికించి నడిపినవాళ్ల వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి, నిజమే. సరదాకి చేసుకోండి. ట్యాలీ నడిచే మెషీన్ మీద మాత్రం వద్దు.

ఎల్‌జీఏ 1200లోనూ ఇదే తిరకాసు. 10, 11 జెన్లు రెండిటికీ అదే సాకెట్. హెచ్410, బీ460 బోర్డుల్లో 11వ జెన్ వెళ్లదు, హెచ్510, బీ560లో వెళ్తుంది. ఒక్క అంకె తేడా, కానీ మొత్తం డబ్బులు బూడిదలో పోసిన పన్నీరే.

మరి ఎలా తెలుసుకోవాలి? బోర్డు తయారుచేసిన కంపెనీ సైట్‌లో ఆ మోడల్ పేజీకి వెళ్తే 'సీపీయూ సపోర్ట్' అని ఒక పట్టిక ఉంటుంది. మీరు కొనబోయే ప్రాసెసర్ పేరు అందులో ఉండాలి. పక్క గడిలో ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో కూడా రాసి ఉంటుంది. మోడల్ పేరు తెలియకపోతే సీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మెయిన్‌బోర్డ్ ట్యాబ్ చూడండి. కేబినెట్ తలుపు తీసి ఉంటే బోర్డు మూలన 'రెవ్ 1.0', 'రెవ్ 2.0' అని చిన్న అక్షరాలతో ఉందేమో కూడా చూడండి. ఒకే పేరుతో రెండు మూడు రివిజన్లు వచ్చిన బోర్డుల్లో ఒక్కోదానికి ఒక్కో పట్టిక ఉంటుంది. షాపువాడు "నడుస్తది" అన్నా, నేను అన్నా, ముందు ఆ పట్టిక చూశాకే డబ్బు తీయండి.

అపోహ: బయోస్ జోలికి పోకపోవడమే మంచిది

ఏఎం4 సాకెట్ ఉన్న ఏఎండీ ప్రాసెసర్ల బోర్డుల విషయంలో ఈ భయం వల్ల చాలామంది మంచి అవకాశం వదులుకుంటున్నారు. 2018లో వచ్చిన బీ450 బోర్డులో 2022లో వచ్చిన రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు. అయితే ముందు బయోస్ అప్‌డేట్ చేయాలి, అదీ పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే. పాతది పీకేసి, కొత్తది పెట్టి, డిస్‌ప్లే రాక, అప్పుడు బయోస్ గుర్తొచ్చి వచ్చేవాళ్లే ఎక్కువ. అప్పుడు మళ్లీ పాతది పెట్టాల్సిందే. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసుకునే బటన్ ఉన్న బోర్డులకు ఆ బాధ లేదు.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు మొద్దుబారిపోవచ్చు. యూపీఎస్ ఉండాలి, అది కనీసం పదిహేను నిమిషాలు నిలబడేదై ఉండాలి. మా ఏరియాలో సాయంత్రం ఈదురుగాలి మొదలైందంటే ఆ పని మర్నాటికి వాయిదా వేస్తాను.

సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 జెన్ ఐ7, ఐ9 కొనేవాళ్లకు బయోస్ ఇంకా ముఖ్యం. వోల్టేజ్ ఎక్కువై ఆ ప్రాసెసర్లు క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో బయటపడింది. ఇంటెల్ ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబర్‌లలో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ కొత్త బయోస్‌తోనే వస్తుంది. కాకపోతే అది ఇకముందు చెడిపోకుండా కాపాడుతుంది గానీ, అప్పటికే చెడినదాన్ని బాగుచేయదు.

అపోహ: మానిటర్ కేబుల్ పెట్టడానికి బోర్డు మీద పోర్టు ఉందిగా, గ్రాఫిక్స్ కార్డు ఎందుకు?

ఇక్కడ నేనే పప్పులో కాలేశాను. ఒక కస్టమర్ దగ్గర రైజెన్ 3 2200జీ ఉండేది. బయోస్ అప్‌డేట్ చేసి 5600 పెట్టాను. డిస్‌ప్లే లేదు. ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచాను, స్లాట్ మార్చాను, సీమాస్ బ్యాటరీ తీసి పెట్టాను, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) కూడా మార్చి చూశాను. గంటన్నర తర్వాత తలెత్తి చూస్తే హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డుకే పెట్టి ఉంది. 2200జీ లోపల గ్రాఫిక్స్ ఉంది, 5600లో లేదు! బోర్డు మీద పోర్టు ఉన్నా వెనక బొమ్మ పంపేవాడు ఉండాలి కదా. చివరికి దాని బదులు లోపల గ్రాఫిక్స్ ఉన్న 5600జీ పెట్టి ఇచ్చాను.

ఇంటెల్‌లో పేరు చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు. 12400 కన్నా 12400ఎఫ్ కాస్త చవగ్గా దొరికేది అందుకే.

అపోహ: ఐ3 కన్నా ఐ7 ఎప్పుడూ మేలే

ఐ3-12100 పాత ఐ7-7700ని దాటేస్తుంది. రెండిటికీ నాలుగు కోర్లే, మధ్యలో ఐదేళ్ల తేడా. చెప్పడానికి ఇంతకన్నా ఏమీ లేదు.

అపోహ: బోర్డు, ప్రాసెసర్ మార్చితే చాలు, మిగతావి పాతవే సరిపోతాయి

కొన్ని సరిపోతాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి ఉత్తినే "బీ760 బోర్డు" అని అడక్కండి. అందులో డీడీఆర్4 ర్యామ్ పట్టే రకం వేరు, డీడీఆర్5 ర్యామ్ పట్టే రకం వేరు. ఇంట్లో ఉన్న డీడీఆర్4 ర్యామ్ వాడుకోవాలంటే బాక్స్ మీద 'డీ4' అనో 'డీడీఆర్4' అనో ఉందా చూసుకోవాలి. ఏఎండీ ఏఎం5 బోర్డులైతే అన్నీ డీడీఆర్5వే, పాత ర్యామ్ పక్కన పెట్టాల్సిందే. 6వ జెన్ బోర్డుల్లో కొన్ని డీడీఆర్3 రకం ర్యామ్‌తో వచ్చాయి, కాబట్టి పాతది డీడీఆర్4 అని ముందే లెక్క వేసుకోవద్దు.

కూలర్ సంగతి. ఎల్‌జీఏ 1151, 1200 బోర్డుల్లో కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు. 12వ జెన్‌తో వచ్చిన ఎల్‌జీఏ 1700లో 78. మూడు మిల్లీమీటర్లే కదా అని పుష్ పిన్నులు బలవంతంగా దింపితే ఒక మూల లేచి ఉంటుంది, ప్రాసెసర్ వేడెక్కుతుంది. ట్రే ప్రాసెసర్ (బాక్స్ లేకుండా విడిగా అమ్మేది) చవక అని కొనేవాళ్లు రెండు విషయాలు లెక్కలో వేసుకోవాలి: దాంతో కూలర్ రాదు, బాక్స్ ప్రాసెసర్‌కి కంపెనీ ఇచ్చే మూడేళ్ల వారంటీ కూడా ఉండదు.

ఇక డబ్బా మీద రాసే 65 వాట్లు. ఐ7-12700 మీద ఉన్నది 65 వాట్లే, కానీ టర్బోలో (వేగం పెంచుకున్నప్పుడు) 180 వరకు లాగుతుంది. హీట్‌సింక్ లేని చవక హెచ్610 బోర్డులో దాన్ని పెడితే మే నెల మధ్యాహ్నం వేగం దానంతటదే పడిపోతుంది. అలాంటి బోర్డుకి ఐ3, ఐ5 చాలు.

కంపెనీ డెస్క్‌టాప్‌లు, అంటే ఆఫీసుల నుంచి రీఫర్బిష్డ్‌గా వచ్చేవి, వీటికి బోర్డు మార్చాలనే ఆలోచనే మానుకోండి. ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్, ఫ్యాన్, ముందు బటన్ కేబుల్, అన్నీ వాళ్ల సొంత కొలతలు.

అపోహ: ప్రాసెసర్ మార్చాక డేటాకి ఏమీ కాదు

విండోస్ మళ్లీ వేయనక్కర్లేదు, ఆ మాట నిజమే. కానీ ఏఎండీలో ప్రాసెసర్ మార్చి ఆన్ చేయగానే నల్ల తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లో తాళం కీలు దాచే భాగం) రీసెట్ చేయాలా? వై నొక్కాలా, ఎన్ నొక్కాలా? కంగారులో అందరూ వై నొక్కుతారు. డ్రైవ్‌కి బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంటే, ఆ తర్వాత 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఫోటోలు, ఫైళ్లు అన్నీ లోపలే ఉండిపోతాయి. అందుకే మెషీన్ తెచ్చే ముందు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కీ చూసి రాసుకు రమ్మని ఫోన్‌లోనే చెబుతాను. మొన్న ఒకాయన రాసుకోలేదు గానీ, "కీ భద్రంగా ఉందండీ" అన్నారు. ఎక్కడ అని అడిగాను. స్క్రీన్‌షాట్ తీసి అదే కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నారట.