అంగస్తంభన సమస్యలో మనసు పాత్ర: అపోహలు - వాస్తవాలు

రక్తపరీక్షలు, స్కానింగులు అన్నీ బాగున్నాయని తేలాక మానసిక వైద్యం కోసం నా దగ్గరికి వచ్చే పురుషుల్లో చాలామందికి ఆ మాట ఊరట ఇవ్వదు. "అన్నీ మామూలుగానే ఉంటే నాకెందుకిలా అవుతోంది?" అని అడుగుతారు. ఏదో ఒక జబ్బు బయటపడి ఉంటే కనీసం దాని పేరైనా చెప్పుకోగలిగేవాళ్లమన్న నిస్పృహ వాళ్ల గొంతులో వినిపిస్తుంది. వాళ్లను ఏళ్ల తరబడి వైద్యానికి దూరంగా ఉంచే నమ్మకాలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఈ నాలుగు మాటలు.

అపోహ: కారణం మనసులో ఉందంటే సమస్య నిజమైనది కాదు, అంతా ఊహే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ కీడు చేసేది ఈ నమ్మకమే. ఇంటివాళ్లూ అంటారు, కొన్నిసార్లు వైద్యులూ అంటారు: "నీకేమీ లేదు, ధైర్యంగా ఉండు" అని. స్తంభన ఎలా జరుగుతుందో తెలిస్తే ఆ మాట ఎంత తప్పో అర్థమవుతుంది. లైంగిక ప్రేరణ కలిగినప్పుడు వెన్నుపాము కింది భాగం నుంచి వచ్చే పారాసింపథెటిక్ నాడులు (శరీరం నిమ్మళంగా ఉన్నప్పుడు పనిచేసేవి) అంగంలో కండరాలను సడలించే రసాయనమైన నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తాయి. దాంతో అక్కడి కండరాలు సడలి, ధమనులు విచ్చుకుని, రక్తం వేగంగా వచ్చి నిండుతుంది. రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరలు ఆ ఒత్తిడికి నొక్కుకుపోవడం వల్ల అది అక్కడే నిలుస్తుంది.

భయపడినప్పుడు దీనికి వ్యతిరేకంగా పనిచేసే సింపథెటిక్ నాడీ వ్యవస్థ రంగంలోకి దిగుతుంది. అది విడుదల చేసే నార్ అడ్రినలిన్ అనే రసాయనం అవే కండరాలను బిగిస్తుంది. రక్తం వచ్చే దారి ఇరుకై, నిలిచిన రక్తం కూడా వెళ్లిపోతుంది. గంటల తరబడి తగ్గని స్తంభనతో ఆస్పత్రికి వచ్చినవారికి దాన్ని దించడానికి వైద్యులు ఫినైలెఫ్రిన్ అనే మందును నేరుగా అంగంలోకి ఎక్కిస్తారు. అది చేసేదీ సరిగ్గా ఈ పనే. అంటే పడకగదిలో ఆందోళన పడే పురుషుడి శరీరం స్తంభనను దించే మందును తానే తయారు చేసుకుంటోంది. ఇందులో ఊహ ఎక్కడుంది?

అపోహ: పట్టుదలగా ప్రయత్నిస్తే స్తంభన వస్తుంది.

వాస్తవం: నిద్రపోవాలని ఎంత గట్టిగా అనుకుంటే నిద్ర అంత దూరమవుతుంది కదా, ఇదీ అంతే. మొదటి వైఫల్యానికి కారణం చాలాసార్లు చిన్నదే: విపరీతమైన అలసట, ఎక్కువైన మద్యం, కొత్త చోటు, కొత్త బంధం, పక్కగదిలో ఎవరో ఉన్నారన్న జంకు. దాన్ని అక్కడితో వదిలేస్తే కథ ముగిసేది. కానీ మరుసటిసారి అతని ధ్యాస స్పర్శ మీద, భాగస్వామి మీద ఉండదు. 'వస్తోందా? నిలుస్తోందా? మళ్లీ పోతోందా?' అని తన శరీరానికి తానే కాపలా కాస్తాడు. అమెరికాలో లైంగిక సమస్యల మీద పరిశోధించిన విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ 1970లోనే ఈ స్థితిని వివరించారు. తన కలయికను తానే పక్కన నిలబడి చూసే ప్రేక్షకుడిగా పురుషుడు మారిపోతాడని వాళ్లు గుర్తించారు.

1980లలో డేవిడ్ బార్లో అనే మనస్తత్వవేత్త బృందం ప్రయోగశాలలో చూసిన విషయం నాకు మరీ ముఖ్యంగా అనిపిస్తుంది. లైంగిక దృశ్యాలు చూస్తున్న పురుషుల ధ్యాసను సంబంధం లేని మాటలు వినిపించి మళ్లించినప్పుడు, ఏ సమస్యా లేనివారిలో స్తంభన తగ్గింది. సమస్య ఉన్నవారిలో అలా తగ్గలేదు. వాళ్ల ధ్యాస ముందునుంచే వేరేచోట, తమ వైఫల్యం మీద, ఉందన్నది బార్లో ఇచ్చిన వివరణ. నా దగ్గరికి వచ్చేవారు చెప్పేది వింటే అది అక్షరాలా నిజమనిపిస్తుంది. ఆ క్షణంలో ఏం ఆలోచిస్తున్నారని అడిగితే భాగస్వామి గురించి ఒక్క మాట రాదు. అంతా పరీక్ష, ఫలితం, పరువు.

పెళ్లయిన తొలి రోజుల్లోనూ, బిడ్డ కోసం ప్రయత్నిస్తున్న జంటల్లోనూ ఇదే కనిపిస్తుంది. అండం విడుదలయ్యే రోజులను లెక్కపెట్టుకుని, 'ఈ రాత్రి తప్పకూడదు' అనుకున్నప్పుడే విఫలమై, మిగతా రోజుల్లో ఏ ఇబ్బందీ లేని పురుషులు ఎందరో. వాళ్లలో లోపం ఏమీ లేదు. గడువు పెట్టి రప్పించగలిగే ప్రతిస్పందన కాదు ఇది.

అపోహ: పడుచు వయసులో వస్తే మనసే కారణం, పెద్ద వయసులో వస్తే శరీరమే కారణం.

వాస్తవం: వయసును చూసి తీర్పు చెప్పడం ప్రమాదకరం. సమస్య తీరును అడగాలి. హఠాత్తుగా మొదలై, ఒక సందర్భంలో ఉండి మరో సందర్భంలో లేకపోతే, ఒంటరిగా ఉన్నప్పుడు స్తంభన మామూలుగా వస్తూ కలయిక సమయంలోనే పోతుంటే మానసిక కారణాలు బలంగా ఉన్నట్టు. నెలల తరబడి మెల్లమెల్లగా తగ్గుతూ, అన్ని సందర్భాల్లోనూ ఒకేలా ఉంటే శరీరాన్ని ముందు చూడాలి. ఆరోగ్యవంతుడైన పురుషుడికి రాత్రి నిద్రలో, ముఖ్యంగా కలలు వచ్చే రెమ్ దశలో, సుమారు 3 నుంచి 5 సార్లు స్తంభన కలుగుతుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు కనిపించేది అందులో చివరిది. అది క్రమం తప్పకుండా ఉంటే నాడులు, రక్తనాళాలు చాలావరకు బాగున్నట్టే. అయితే నిద్ర చెడినవారిలో, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారిలో అది కూడా తగ్గవచ్చు. అందుకని దీన్నొక్కదాన్నే పట్టుకుని తేల్చకూడదు.

ఒక హెచ్చరిక. అంగంలోని ధమనులు గుండె ధమనులకంటే సన్ననివి. కొవ్వు పేరుకోవడం మొదలైతే దాని ప్రభావం అక్కడే ముందు కనిపించవచ్చు, గుండె జబ్బు బయటపడటానికి కొన్నేళ్ల ముందే. కాబట్టి మనసే కారణమని ఎంత నమ్మకంగా అనిపించినా చక్కెర, రక్తపోటు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించకుండా నేను చికిత్స మొదలుపెట్టను. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. మధుమేహం వల్ల స్తంభన కాస్త తగ్గుతుంది, దాన్ని చూసి పుట్టిన భయం మిగతాది పూర్తి చేస్తుంది.

అపోహ: చిన్నతనంలో చేసిన హస్తప్రయోగం వల్లే నరాలు బలహీనపడ్డాయి.

వాస్తవం: హస్తప్రయోగం నరాలను బలహీనపరచదు, వీర్యాన్ని ఖాళీ చేయదు. శరీరం వీర్యాన్ని నిరంతరం తయారు చేస్తూనే ఉంటుంది. 1760లో టిస్సో అనే స్విట్జర్లాండ్ వైద్యుడు ఈ భయానికి వైద్యశాస్త్రం ముసుగు వేశాడు. దాని నీడ ఇంకా పోలేదు. నిజంగా హాని చేసేది ఆ నమ్మకమే. 'నా శక్తి అయిపోయింది' అన్న నేరభావంతో పడకగదిలోకి వెళ్లేవాడు ఓడిపోతానన్న నిశ్చయంతోనే వెళతాడు. ఈ భయాన్ని అడ్డం పెట్టుకుని బలం మందులు అమ్మేవారి మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

అపోహ: స్తంభన రాలేదంటే భార్య మీద ఇష్టం లేదు, లేదా బయట మరో సంబంధం ఉంది.

వాస్తవం: కోరిక వేరు, స్తంభన వేరు. పైన చెప్పిన ఆందోళన ఎక్కువగా పీడించేది భాగస్వామిని సంతోషపెట్టాలని మరీ తపించేవారినే. అతను సిగ్గుతో దూరం జరుగుతాడు, ఆలస్యంగా పడుకుంటాడు, ముట్టుకోవడమే మానేస్తాడు. ఆమెకు అది తిరస్కారంగా కనిపిస్తుంది. దంపతుల మధ్య పాత కోపాలు, చెప్పుకోని గాయాలు ఉంటే అవీ స్తంభనను దెబ్బతీస్తాయి, అది నిజమే. కానీ అడగకుండా ఊహించుకోవడం ఇద్దరికీ శిక్ష.

అపోహ: కుంగుబాటుకు మందులు వాడితే మగతనం పోతుంది, అందుకే ఆపేయాలి.

వాస్తవం: కుంగుబాటే కోరికను, స్తంభనను తగ్గిస్తుంది. సెర్ట్రలిన్, పారోక్సెటిన్ లాంటి కొన్ని మందులూ ఇబ్బంది పెడతాయి, ముఖ్యంగా స్ఖలనం ఆలస్యమవుతుంది. సొంతంగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. మోతాదు తగ్గించవచ్చు, బుప్రోపియాన్ లాంటి ఇబ్బంది తక్కువున్న మందుకు మారవచ్చు. వైద్యుడికి చెప్పడమే కావలసింది.

అపోహ: మాత్ర వేసుకుంటే చాలు, మాటలతో చికిత్స దండగ.

వాస్తవం: 1998లో వయాగ్రా పేరుతో వచ్చిన సిల్డెనఫిల్ మాత్ర ఎందరికో మేలు చేసింది. మానసిక కారణాలున్నవారికీ కొంతకాలం వాడితే నమ్మకం తిరిగి వస్తుంది. కానీ అది స్తంభనను పుట్టించదు. ప్రేరణ ఉన్నప్పుడే, నైట్రిక్ ఆక్సైడ్ విడుదలైనప్పుడే దాని ప్రభావాన్ని పెంచుతుంది. భయం బాగా ఎక్కువగా ఉంటే మాత్ర కూడా విఫలమవుతుంది, అప్పుడు 'మందు కూడా పనిచేయలేదు' అన్న కొత్త దిగులు మొదలవుతుంది. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు దీన్ని అసలు తీసుకోకూడదు, రక్తపోటు ప్రాణాంతకంగా పడిపోవచ్చు.

మాటలతో చికిత్స అంటే సలహాలు వినడం అనుకోకండి. మాస్టర్స్, జాన్సన్ రూపొందించిన పద్ధతిలో మొదటి షరతు, కొన్ని వారాలపాటు కలయిక నిషేధం. చాలామంది ఉలిక్కిపడతారు, కానీ పరీక్షే లేదని తెలిశాక ఆందోళన చాలావరకు అక్కడే తగ్గుతుంది. మొదట జననాంగాలను వదిలి మిగతా శరీరాన్ని ఒకరినొకరు తాకుతూ, ఆ స్పర్శ ఎలా ఉందో మాత్రమే గమనించాలి. తర్వాత క్రమంగా జననాంగ స్పర్శ. అందులో నేను ఎక్కువ సమయం ఇచ్చే అభ్యాసం ఒకటుంది: స్తంభన వచ్చాక కావాలనే ఆగి, పూర్తిగా తగ్గిపోనిచ్చి, మళ్లీ మొదలుపెట్టడం. తగ్గినది మళ్లీ వస్తుందని రెండు మూడుసార్లు తన కళ్లతో చూసుకున్న పురుషుడు, ఆ తర్వాత కలయిక మధ్యలో కాస్త తగ్గినా మునుపటిలా బెదిరిపోడు. భాగస్వామి కూడా వస్తే ఈ చికిత్స బాగా సాగుతుంది. ఆమె రాలేని పరిస్థితి ఉన్నా, భాగస్వామే లేకపోయినా, ఒంటరిగా చేసే అభ్యాసాలతోనే మొదలుపెట్టవచ్చు.